మాత్ర పేరు చివర చూడండి

బీపీ మాత్రల షీటు ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూస్తే దాని మీద రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి కంపెనీ పెట్టుకున్న పేరు. షాపులో అడిగేదీ, ఇంట్లో అందరికీ గుర్తుండేదీ అదే. రెండోది మందు అసలు పేరు. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపైన్, మెటోప్రొలాల్ లాంటిది. నోరు తిరగని ఆ పేరును చదివే పని డాక్టరుకూ మందుల షాపు వాళ్లకూ వదిలేసి, మనం 'బీపీ బిళ్ళ', 'షుగర్ గోళీ', 'గ్యాస్ మాత్ర' అనుకుంటూ కాలం గడిపేస్తాం. నిజానికి మనకు పనికొచ్చే కబురంతా ఆ రెండో పేరులోనే ఉంది. పేరంతా బట్టీ పట్టక్కర్లేదు, చివరి మూడు నాలుగు అక్షరాలు చూస్తే చాలు. సార్టాన్, డిపైన్, ఒలాల్ అనే ఈ తోకల్లో ఆ మందు ఏ కుటుంబానిదో, ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందో తెలిసేలా పేరు పెట్టారు. డాక్టర్ల పాఠ్యపుస్తకాలకే పరిమితమైపోయిన ఈ చిన్న విద్య మందులు మింగే ప్రతి ఇంటికీ చేరాలి.

ఈ తోకల్లో కొన్ని మొదట అనుకరణగా పుట్టాయి. కొకెయిన్‌కు ఒంటిని మొద్దుబార్చే గుణం ఉందని తెలిశాక, దాని వ్యసనం అంటకుండా ఆ ఒక్క గుణమే ఉండే మందుల కోసం రసాయన శాస్త్రవేత్తలు వెతికారు. దొరికినవాటికి పాత పేరు తోకనే తగిలించారు. ప్రొకెయిన్ అలా వచ్చింది. పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే ఇంజెక్షన్‌లోని లిగ్నోకెయిన్ పేరూ అదే దారిలో వచ్చింది. తర్వాత కొత్త మందులు వరసగా వచ్చిపడటంతో ఒకే మందుకు దేశానికో పేరు, కంపెనీకో పేరు తయారైంది. ఈ గందరగోళం ప్రాణాల మీదికి వస్తుందని గ్రహించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో అంతర్జాతీయ పేర్ల పథకానికి తీర్మానం చేసింది. మొదటి జాబితా 1953లో వెలువడింది. అప్పటినుంచి కొత్త మందు కనిపెట్టిన కంపెనీ పేర్లు ప్రతిపాదిస్తే నిపుణుల బృందం పరిశీలించి ఒకటి ఖాయం చేస్తుంది. పేరు ముందు భాగంలో కొంత స్వేచ్ఛ ఉంటుంది. కుటుంబాన్ని తెలిపే భాగాన్ని మాత్రం ఇష్టం వచ్చినట్టు వాడటానికి వీల్లేదు. ఆ పేర్లు ఎవరి సొత్తూ కావు. వాటి కుటుంబ ముద్రలను వ్యాపార పేర్లలో వాడుకోవద్దని 1993లో ప్రపంచ ఆరోగ్య సభ దేశాలను కోరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మందు పేర్లను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయకూడదని మన 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. బ్రాండు పేరు అమ్ముకోవడానికి పుట్టింది. అసలు పేరు పొరపాటు జరగకుండా ఉండటానికి పుట్టింది. షీటు మీద రెండూ పక్కపక్కనే ఉన్నా వాటి ఉద్దేశాలు ఇంత వేరు.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఈ మందులకు చివర వస్తుంది. బీపీ మాత్రలే తీసుకుందాం. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ అన్నీ ప్రిల్ వాళ్లు. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థం తయారు కాకుండా ఇవి అడ్డుకుంటాయి. లోసార్టాన్, టెల్మిసార్టాన్, ఓల్మిసార్టాన్ సార్టాన్ వాళ్లు. ఆ పదార్థం తయారైనా దాని పని సాగనివ్వవు. ఆమ్లోడిపైన్, సిల్నిడిపైన్ లాంటి డిపైన్ వాళ్లు రక్తనాళాల కండరంలోకి కాల్షియం వెళ్లే దారి మూసి వాటిని వదులు చేస్తారు. ఇది తెలిసి మనకేం లాభం? ప్రిల్ మాత్రలు కొందరిలో వదలని పొడిదగ్గు తెస్తాయి. కఫం ఉండదు, జ్వరం ఉండదు, గొంతులో ఎప్పుడూ గరగర. దగ్గు మందు సీసాలు ఖాళీ అవుతాయి, ఎక్స్‌రేలు తీయిస్తారు, అయినా తగ్గదు. మాత్ర పేరు చివర ప్రిల్ ఉందని చూసుకున్న మనిషి "డాక్టరుగారూ, ఈ దగ్గు ఈ మాత్ర వల్లనేమో చూడండి" అని అడగగలడు. అలాంటి దగ్గుకు డాక్టర్లు చాలాసార్లు ప్రిల్ మాన్పించి సార్టాన్‌కు మారుస్తారు. గర్భం దాల్చాలనుకుంటున్న స్త్రీ బీపీకి ఈ రెండు తోకల్లో ఏది ఉన్న మాత్ర వాడుతున్నా ముందే చెప్పి తీరాలి, కడుపులో బిడ్డకు ఇవి హాని చేస్తాయి.

ఒలాల్ కుటుంబం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ గుండె మీద అడ్రినలిన్ దూకుడును తగ్గించే మందు కోసం వెతికి, 1960లలో ప్రొప్రనొలాల్‌ను తెచ్చాడు. కడుపులో ఆమ్లం తగ్గించే సిమెటిడిన్ వెనక ఉన్న పరిశోధన మొదలుపెట్టిందీ ఆయనే. దాని వెంటే రానిటిడిన్, ఫామోటిడిన్ వచ్చాయి. ఒక మనిషి పనిలోంచి రెండు తోకలు పుట్టాయన్నమాట. 1988లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఒలాల్ మందులు గుండెకు చేసే మేలుకు మరోవైపు ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు బిగిసే ప్రమాదం ఉంది, అందుకే ఉబ్బసం ఉన్నవాళ్లకు వాటిని ఇవ్వడానికి డాక్టర్లు జంకుతారు. ఇక్కడ తోక చూడటం ఎంత అవసరమో ఒక చిన్న సీసా చెబుతుంది. గ్లకోమాకు కంట్లో వేసే చుక్కల్లో టిమొలాల్ ఒకటి. కంటి చుక్కలే కదా, ఆయాసం సంగతి కంటి డాక్టరుకెందుకు చెప్పాలి అని చాలామంది అనుకుంటారు. కంట్లో వేసిన చుక్క కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, అక్కడి పొరల నుంచి రక్తంలో కలుస్తుంది. ఉబ్బసం మనిషికి ఆ చుక్కే ఊపిరి ఆడనివ్వకుండా చేయగలదు. ఆ సీసా మీద ఊపిరితిత్తుల బొమ్మేమీ ఉండదు, పేరు చివర ఒలాల్ ఉంటుంది.

మన ఇళ్లలో అసలు ముప్పు మరోచోట ఉంది. మోకాళ్లకు ఎముకల డాక్టరు, పంటికి పళ్ల డాక్టరు, నడుం నొప్పికి వీధి చివర ఆర్‌ఎంపీ. ఒకరు రాసింది మరొకరికి తెలియదు. మూడు చీటీల్లో మూడు బ్రాండ్లు, మూడూ వేరువేరు రంగు మాత్రలు. వెనక చదివితే ఒకదాని మీద ఎసిక్లోఫెనాక్, ఇంకోదాని మీద డైక్లోఫెనాక్. ఫెనాక్ తోక రెండుసార్లు కనబడితే, మనిషి ఒకే జాతి మందును రెట్టింపు మింగుతున్నాడని అర్థం. కడుపులో పుండు, రక్తస్రావం, కిడ్నీల మీద భారం ఈ జాతికి ఉన్న చెడ్డగుణాలు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ. పెన్సిలిన్ పడని మనిషి సంగతీ ఇంతే. తనకు పడనిది 'పెన్సిలిన్' అని మాత్రమే గుర్తుంటుంది, కానీ చీటీలో వచ్చేది అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్. సిలిన్ తోక ఆ బంధుత్వాన్ని బయటపెడుతుంది. ఒక ప్రిల్ మాత్ర, ఒక సార్టాన్ మాత్ర కలిపి వాడటం విషయం కూడా చెప్పుకోవాలి. రామిప్రిల్‌నూ టెల్మిసార్టాన్‌నూ కలిపి ఇస్తే అదనపు మేలేమీ లేదనీ, కిడ్నీలకు కీడు పెరుగుతుందనీ 2008లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగే మనిషికి ఈ జంట తెలియకుండానే తగలవచ్చు.

తోకలు మోసం చేయవా అంటే, తొందరగా చదివితే చేస్తాయి. 'జోల్' అనే ముక్క ఒక్కటే పట్టుకుంటే ఎక్కడికో వెళ్లిపోతాం. పాంటోప్రజోల్, రాబిప్రజోల్ గ్యాస్‌కు. ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ తామరకు, బూజు జాతి ఇన్ఫెక్షన్లకు. మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్ అమీబా విరేచనాలకు. ఆల్బెండజోల్ నులిపురుగులకు, బడిలో పిల్లల చేత నమిలించేది అదే. వీటిని విడదీసేవి జోల్‌కు ముందున్న అక్షరాలు. ప్రజోల్, కొనజోల్, నిడజోల్, బెండజోల్ అని పూర్తిగా చదివితే నాలుగు కుటుంబాలూ వేరుపడతాయి. అందులోనూ అరిపిప్రజోల్ అనే మందు ఉంది. అది గ్యాస్ మాత్ర కాదు, మానసిక జబ్బులకు వాడేది. దాని తోక ఇంకో మెట్టు వెనక్కి, పిప్రజోల్ దగ్గర మొదలవుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ చూసి స్టాటిన్ అంటే కొలెస్ట్రాల్ మందే అనుకుంటే నిస్టాటిన్ దగ్గర బోల్తా పడతాం. నోటిపూతకు, బూజుకు వాడే నిస్టాటిన్‌ను 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లోకానికి తెలిపారు. వాళ్లు పనిచేసిన న్యూయార్క్ స్టేట్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. కొలెస్ట్రాల్ కుటుంబం గుర్తు వాస్టాటిన్. ఆస్పిరిన్, పారాసెటమాల్ లాంటి పాత మందులకు మనం చదువుకోదగ్గ తోకే లేదు. కాబట్టి ఈ పద్ధతికి అంచులున్నాయి. ఆ అంచులు తెలిసి వాడుకున్నంతకాలం అది పనికొచ్చేదే. ఈ తోకలు నేర్పేటప్పుడు గుంపులో ఇమడని పేరును కూడా పక్కన చూపిస్తేనే ఆ పాఠం నిలుస్తుంది.

డాక్టర్లలో కొందరికి ఇంకో భయం ఉంది. ఈ అరకొర జ్ఞానంతో జనం సొంత వైద్యానికి దిగుతారని, ఒకటి దొరక్కపోతే అదే తోక ఉన్న మరొకటి కొనేస్తారని. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. ఒకే ఇంటివాళ్లైనా బలం ఒకటి కాదు. పది మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, పది మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ కన్నా గట్టిగా పనిచేస్తుంది. ప్రొప్రనొలాల్ పదుల మిల్లీగ్రాముల్లో ఇస్తే, బైసోప్రొలాల్ రెండున్నర, ఐదు మిల్లీగ్రాముల్లోనే సరిపోతుంది. తోక కుటుంబాన్ని చెబుతుంది, మోతాదును చెప్పదు, ఆ మందు ఈ మనిషికి తగునో లేదో అసలే చెప్పదు. ప్రిల్ వల్ల దగ్గు వస్తోందని మాత్ర తనంతట తాను ఆపేస్తే బీపీ అదుపు తప్పుతుంది. అయితే ఈ కారణంతో జనాన్ని చీకట్లో ఉంచడం సరికాదు. సొంత వైద్యం ఇప్పటికే సాగుతోంది, బ్రాండు పేర్ల మీద, పక్కింటివాళ్ల మాట మీద, ఆకుపచ్చ మాత్ర, ఎర్ర మాత్ర అనే గుర్తుల మీద. రంగు చూసి మింగే మనిషికన్నా తోక చదివి ప్రశ్న అడిగే మనిషి డాక్టరుకు మేలు చేస్తాడు. అడగడానికి వాడండి, మార్చడానికీ ఆపడానికీ వద్దు అని అదే పాఠంలో చెప్పవచ్చు.

షీటు మీద సాధారణంగా ఉండేది ఇంగ్లిషు, మరి తెలుగు మాత్రమే వచ్చిన పెద్దల సంగతేమిటి అన్న ప్రశ్న న్యాయమైనది. అసలు పేరు తెలుగు లిపిలో కూడా ఉండాలని అడగడంలో తప్పు లేదు, అడగాలి కూడా. అందాక ఇంట్లో హైస్కూలు చదివే పిల్ల ఉంటే చాలు, అవ్వ మందుల డబ్బా ముందేసుకుని చివరి అక్షరాలు కలిసినవాటిని పక్కపక్కన పెట్టగలదు. మాట చివర చూసి అర్థం పట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు, 'ఊరికి', 'ఊరితో', 'ఊరినుంచి' అన్న తేడా అంతా మనం చివరి అక్షరాల్లోనే వింటాం. ఈ తోకల చరిత్రలో మనవాడూ ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, బెంజమిన్ డుగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. దాని అసలు పేరు క్లోర్‌టెట్రాసైక్లిన్. నేడు డాక్సీసైక్లిన్ వరకూ విస్తరించిన సైక్లిన్ కుటుంబానికి అదే పెద్దది. కాన్సర్‌కూ కీళ్లవాతానికీ ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం పని నుంచి వచ్చిందే.

కలిపి చేసిన మాత్రల దగ్గర కొంచెం ఓపిక కావాలి. బ్రాండు పేరు వెనక ఏఎం, హెచ్ అన్న అక్షరాలు ఉంటే తరచు ఆమ్లోడిపైన్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా అందులో కలిసి ఉన్నాయని గుర్తు. అవి చూడకుండా విడిగా ఇంకో ఆమ్లోడిపైన్ మాత్ర వేసుకునేవాళ్లకు బీపీ పడిపోవచ్చు, కాళ్లు వాయవచ్చు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు మన బ్రాండు పేర్లు అక్కడ దాదాపు పనికిరావు. అసలు పేర్లు రాసుకున్న కాగితం అక్కరకొస్తుంది, టెల్మిసార్టాన్ అక్కడా టెల్మిసార్టానే. పేరు మారేవి కొన్ని ఉన్నాయి. మన పారాసెటమాల్‌ను అక్కడ అసిటమినోఫెన్ అంటారు. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. టెరాల్ అనేది సాల్మెటెరాల్, ఫార్మొటెరాల్ లాంటి గాలిగొట్టాలను తెరిచే మందుల తోకే. పారాసెటమాల్‌కూ సాల్బుటమాల్‌కూ మాత్రం కాగితం మీద రెండు పేర్లూ రాయించుకుని విమానం ఎక్కాలి.