వలస తల్లిదండ్రుల ఇంగ్లీషు పాఠాలు: ఎవరి మాటలు, ఎవరి నోట?

పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం వెళ్లిన కుటుంబంలో కొత్త భాష ముందుగా పట్టుబడేది పిల్లలకు. బడినుంచి వచ్చిన కాగితం తల్లి చదవలేదు. ఉపాధ్యాయుడు పిలిపించి బిడ్డమీద చెప్పే ఫిర్యాదును ఆ బిడ్డే తల్లికి తర్జుమా చేసి వినిపించాలి. నేరం మోపబడినవాడే దుబాసీ అయినచోట ఇంటి పెద్దరికం తలకిందులవుతుంది. అందువల్ల వలస తల్లిదండ్రులకు ఇంగ్లీషును వ్యాకరణ సూత్రాలతో కాక, బడి, ఇల్లు అనే నిత్యజీవిత సన్నివేశాలతో నేర్పాలనడం సబబే.

అయితే సన్నివేశాన్ని ఎంచుకున్నంతమాత్రాన సమస్య తీరదు. అందులో తల్లిచేత ఏమి పలికిస్తున్నారన్నదే అసలు ప్రశ్న. వాచకంలోని సంభాషణ కూడా ఒక చిన్న నాటికే. దానికీ పాత్రలున్నాయి, దృక్పథం ఉంది. కథను పరిశీలించినట్లే దానినీ పరిశీలించవలసి ఉంటుంది.

ఈ పద్ధతికి అమెరికాలో పాత చరిత్రే ఉంది. 1915లో కాలిఫోర్నియా రాష్ట్రం ‘హోం టీచర్’ చట్టం చేసింది. బడి తరఫున ఉపాధ్యాయురాలు వలస కుటుంబాల ఇళ్లకు వెళ్లి పిల్లల హాజరు, పరిశుభ్రత, ఇంగ్లీషు, వంట, బట్టలు, పౌరుల హక్కులు, బాధ్యతలు బోధించాలని దాని ఉద్దేశం. పసిపిల్లలను వదిలి తరగతికి రాలేని తల్లి వద్దకు తరగతే వెళ్లడం మెచ్చదగినదే. కాని ఆ చదువులో భాషతోపాటు ఒక తీర్పు కూడా ఇంట్లోకి అడుగుపెట్టింది: నీ తిండి తప్పు, నీ ఇల్లు తప్పు, నీ పెంపకం తప్పు. 1929లో పెర్ల్ ఎల్లిస్ మెక్సికన్ బాలికల చదువు గురించి రాసిన పుస్తకం పేరే ‘అమెరికనైజేషన్ త్రూ హోం మేకింగ్’. గృహిణీధర్మం ద్వారా అమెరికనులను తయారుచేయడం అన్నమాట. పొలాల్లోను, సంపన్నుల ఇళ్లలోను చవకైన శ్రమ కావలసిన సమాజం ఆ శ్రమకు తగిన అణకువను పాఠంగా చెప్పించిందనడంలో అతిశయోక్తి లేదు.

తరువాతి వాచకాల్లో ఈ తీర్పు ఇంత బాహాటంగా లేదు. అయినా పోలేదు. 1985లో ఎల్సా అవర్‌బాక్, డెనిస్ బర్జెస్ అనే ఇద్దరు పరిశోధకులు వలసవచ్చిన పెద్దల కోసం రాసిన ‘బతుకుతెరువు ఇంగ్లీషు’ వాచకాలను విమర్శించారు. వాటిలో నేర్చుకునేవాడు అనుమతి కోరతాడు, క్షమాపణ చెబుతాడు, ఆజ్ఞను సరిగా విన్నానో లేదోనని మళ్లీ అడుగుతాడు. విభేదించడానికి, ఫిర్యాదు చేయడానికి, హక్కు అడగడానికి కావలసిన మాటలు దాదాపు లేవు. భాషాపరంగా ఆ వాక్యాల్లో తప్పేమీ లేకపోవచ్చు. వాటిని పలికే మనిషిని మాత్రం అవి ఒకే చోట నిలబెడతాయి.

దీనికి ప్రత్యామ్నాయాన్ని బ్రెజిల్ విద్యావేత్త పావ్‌లో ఫ్రెయిరే ఆచరణలో చూపాడు. 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది శ్రమజీవులకు వారి బతుకులోని పదాలతోనే, ఆ బతుకును చర్చకు పెడుతూ అక్షరాలు నేర్పాడు. ఆ చూపుతోనే అవర్‌బాక్ 1989లో మరో వాదన చేసింది: బడి పద్ధతులను ఇంటికి చేరవేయడమే కుటుంబ విద్య కాదు, తల్లిదండ్రుల అనుభవం, వారి సమస్యలు పాఠానికి వస్తువు కావాలి.

ఒక చిన్న సన్నివేశంతో తేడా చూద్దాం. బడినుంచి ఒక కాగితం వచ్చింది. పాత పద్ధతి పాఠంలో తల్లి తేదీ చదువుతుంది, సంతకం పెడుతుంది, ‘థాంక్యూ’ అంటుంది. రెండో పద్ధతిలో ఆ కాగితమే నలుగురి మధ్య చర్చకు వస్తుంది. ఇది ఎవరు పంపారు? ఏమి అడుగుతున్నారు? సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలనుంచి ఇంగ్లీషు వాక్యాలు పుడతాయి. ‘నాకు అర్థం కాలేదు, నెమ్మదిగా చెప్పండి’, ‘మావాడు ఏ విషయంలో వెనకబడ్డాడు? మీకెలా తెలిసింది?’, ‘నాకు దుబాసీ కావాలి, నా కొడుకు కాదు.’ వ్యాకరణం రెండింటిలోనూ ఉంది. మొదటిది సంతకం నేర్పింది. రెండోది సంతకానికి ముందు ఆలోచించడం నేర్పింది.

ఇంటి భాష సంగతి ఇంకా సున్నితమైనది. బిడ్డ బాగుపడాలంటే ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. వచ్చీరాని ఇంగ్లీషుకు పరిమితమైన తల్లికి మిగిలేవి ఆజ్ఞలే: తిను, చదువు, పడుకో. కథ చెప్పడం, ఎగతాళి చేయడం, చిన్ననాటి కష్టం తలచుకోవడం, తప్పుచేసిన బిడ్డను కూర్చోబెట్టి నచ్చజెప్పడం ఆ నాలుగు మాటల్లో ఇమడవు. బిడ్డకు భాష వస్తుంది, తల్లి దూరమవుతుంది. బడి గుమ్మంలో తల్లికి ఇంగ్లీషు కావాలి. ఇంటిలోపల ఆమె భాషను తక్కువచేసే హక్కు ఏ పాఠానికీ లేదు.

పాఠంలోని వస్తువు మనుషులను ఎంతదూరం నడిపిస్తుందో చూడడానికి అమెరికాదాకా వెళ్లనక్కరలేదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం సారా పెట్టే బాధను చెప్పింది. దాన్ని చదివి చర్చించుకున్న దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992 నాటికి ఆ ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక్క పాఠమే ఇదంతా చేసిందనడం తప్పు. సంఘటితమైన స్త్రీల పోరాటం చేసింది. అయితే ఆ పాఠం వారి బాధను వారి ముందే చర్చకు పెట్టింది.

వయోజన వాచకాల రచనను మన రచయితలు పంతుళ్ల పనిగా భావించి పక్కన పెడుతున్నారు. కూలివాడిచేత కథలో ఏమి మాట్లాడించాలో అంతగా ఆలోచించే రచయిత, అదే కూలివాడు జీవితంలో మొదటిసారి కూడబలుక్కుని చదివే నాలుగు వాక్యాల గురించి ఎందుకు ఆలోచించడు? సంభాషణ రాయడం తెలిసినవారి అవసరం అక్కడ ఎక్కువ. ఏ భాషలోనైనా అలాంటి పాఠం చేతికి వస్తే ముందుగా ఒకటి లెక్కపెట్టి చూడాలి: అందులో అధికారి అడిగిన ప్రశ్నలెన్ని, తల్లి అడిగిన ప్రశ్నలెన్ని?