మీకు తెలుసా? దివిటిపల్లికి కావలసిన నల్లపొడి

పాలమూరు చెల్క నేలలకు ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చింది. ఆక్సిజన్‌తో కలిసి మూడేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము అది. కొన్ని ఎలక్ట్రిక్ బండ్లను రాత్రి చార్జింగ్‌కు పెడితే, తెల్లారేసరికి బ్యాటరీలోని ఇనుము కూడా అదే స్థితికి చేరుతుంది. బండి నడిచేకొద్దీ ఒక్కో ఎలక్ట్రాన్‌ను వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ రకం బ్యాటరీని ఎల్‌ఎఫ్‌పీ అంటారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అన్నమాట. ఇనుము, డీఏపీ బస్తాలో ఉండే ఫాస్ఫేట్, కాస్త లిథియం. కోబాల్ట్, నికెల్ వంటి ఖరీదైన లోహాల జోలికే పోదు. అలాగని మన చెల్క మట్టి తవ్వి బ్యాటరీలు చేస్తారని కాదు సుమా!

ఈ ముచ్చట మహబూబ్‌నగర్‌లో ఎందుకంటే, పట్టణం పక్కనే దివిటిపల్లిలో అమరరాజా కంపెనీ బ్యాటరీల గిగా ఫ్యాక్టరీ పెడుతోంది. 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం, 2023 మే 6న శంకుస్థాపన. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, ఏటా 16 గిగావాట్ అవర్ల సెల్స్ తయారీ లక్ష్యమని ప్రకటించారు. మన కరెంటు బిల్లు భాషలో ఒక గిగావాట్ అవర్ అంటే 10 లక్షల యూనిట్లు. అంటే ఒక ఏడాదిలో తయారయ్యే సెల్స్ అన్నీ నిండా చార్జ్ అయితే కోటీ 60 లక్షల యూనిట్లు దాచుకుంటాయి.

ఎల్‌ఎఫ్‌పీ సంగతి లోకానికి తెలిసింది 1997లో. అమెరికాలో టెక్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ గుడెనఫ్ దగ్గర పనిచేస్తున్న అక్షయ పాధి, నంజుండస్వామి ఆయనతో కలిసి పరిశోధనా పత్రం రాశారు. ఇద్దరూ మన దేశం వాళ్లే. గుడెనఫ్‌కు 2019లో, 97 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది. అంత పెద్ద వయసులో ఆ బహుమతి అందుకున్నవారు అప్పటికి ఎవరూ లేరు.

అయితే పదార్థం దొరికింది కానీ మొదట్లో అది పని దొంగ. కరెంటును సరిగా పారనివ్వదు. పైగా లిథియం కదలడానికి దాని స్ఫటికంలో ఉన్నవి సన్నటి దారులు, అదీ ఒకే దిక్కుకు. ఒకే బండి పట్టే డొంకదారిలో ఒక బండి ఇరుసు విరిగితే వెనకవన్నీ ఆగిపోయినట్టే, దారిలో ఒక ఇనుప పరమాణువు తప్పుచోట కూర్చుంటే లిథియం అక్కడే నిలిచిపోతుంది. దీనికి రెండు విరుగుళ్లు కనిపెట్టారు. ఎల్‌ఎఫ్‌పీ పొడి రేణువును మిల్లీమీటరులో పదివేల వంతు దాకా చిన్నది చేస్తే దారి పొడవు తగ్గుతుంది. ప్రతి రేణువుకూ బొగ్గు పూత పూస్తే కరెంటు పారుతుంది. ఆ పొడి నల్లగా ఉండేది ఆ బొగ్గు వల్లనే.

ఇనుము ఎక్కడైనా దొరుకుతుంది, ఫాస్ఫేట్‌ను కొనుక్కోవచ్చు. దొరకనిది ఈ పొడి చేసే నేర్పు. ప్రపంచంలో తయారయ్యే ఎల్‌ఎఫ్‌పీలో అత్యధిక భాగం చైనాదే. 2024 జూన్‌లో అమరరాజా ఎల్‌ఎఫ్‌పీ సెల్ టెక్నాలజీ కోసం ఒప్పందం చేసుకున్నది కూడా చైనాకు చెందిన గోషన్ హైటెక్ వాళ్ల స్లొవేకియా కంపెనీతోనే. 2025 జులైలో చైనా ఈ పొడి తయారీ టెక్నాలజీని ఎగుమతి ఆంక్షల జాబితాలో చేర్చింది. అప్పటినుంచి బయటి దేశాలకు ఇవ్వాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి కావాలి.

అందుకే నన్నడిగితే, దివిటిపల్లిలో చూడదగ్గది పెద్ద షెడ్డు కాదు, దాని పక్కన రాబోయే పొడి ఫ్యాక్టరీ. హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. లోహపు పొడులు, కొత్త పదార్థాలు దాని పని. బొగ్గు పూత వేసిన ఎల్‌ఎఫ్‌పీ పొడిని అక్కడ సొంతంగా తయారుచేశారు. ఆ టెక్నాలజీతోనే ఆల్ట్‌మిన్ అనే హైదరాబాద్ కంపెనీ ముందుకొచ్చింది. 2025 మే నెలలో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ దివిటిపల్లిలో దాని ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. ఒక యూనిట్ కరెంటు దాచే ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌కు ఈ పొడి రెండు కిలోల పైచిలుకు పడుతుంది. 16 గిగావాట్ అవర్లూ ఎల్‌ఎఫ్‌పీయే అనుకుంటే ఏటా 30 వేల టన్నులు దాటుతుంది. ప్రయోగశాలలో కుదిరిన నాణ్యత టన్నుల్లోనూ కుదరాలి. అసలు పరీక్ష అదే.

ఎండల జిల్లాకు ఈ రకం నప్పుతుంది కూడా. ఫాస్ఫేట్‌లో భాస్వరం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది, సెల్ బాగా వేడెక్కినా అంత తేలిగ్గా వదలదు. నికెల్ రకాలైతే ఆక్సిజన్‌ను విడిచి మంటకు ఊతమిస్తాయి. ఎల్‌ఎఫ్‌పీకి గిట్టనిది చలి. నీళ్లు గడ్డకట్టే చలిలో చార్జ్ చేస్తే పాడవుతుంది. పాలమూరుకు ఆ బాధ ఎలాగూ లేదు.

ఇంకో మాట. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో అతి పెద్ద కరెంటు నిల్వ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది, నీళ్ల రూపంలో. ఈగలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అవి రెండు వైపులా తిరిగేవి. కిందికి వదిలిన నీటిని కరెంటు మిగిలిన వేళ మళ్లీ పైకి తోడేలా కట్టారు. ఆరూ నిండుగా తిరిగితే గంటకు 9 లక్షల యూనిట్లు. దివిటిపల్లి అనుకున్న ఏడాది సెల్స్ అన్నీ కలిపితే ఆ కేంద్రం సుమారు 18 గంటలు తిరిగిన దానితో సమానం.

ఇక ఎల్‌ఎఫ్‌పీ బండి కొన్నవాళ్లకు పనికొచ్చే ముక్క. ఈ సెల్ వోల్టేజ్ సగం నిండినా ముప్పావు నిండినా దాదాపు ఒకేలా, 3.2 - 3.3 వోల్టుల దగ్గర ఉంటుంది. దాంతో మీటరు ఎంత మిగిలిందో చెప్పడంలో తడబడుతుంది. 20 శాతం చూపిస్తున్న బండి నడిరోడ్డు మీద ఆగిపోవచ్చు. అందుకే వారానికోసారైనా నూటికి నూరు శాతం చార్జ్ చేయమని కొన్ని కంపెనీలు చెబుతాయి. అప్పుడు మీటరు లెక్క సరిచేసుకుంటుంది. ముందు మీ బండి బ్యాటరీ ఏ రకమో పుస్తకంలో చూసుకోండి. నికెల్ రకమైతే ఈ సలహా వద్దు, దాన్ని రోజువారీగా 80 శాతం దగ్గర ఆపడమే మేలు.