ఒక్కరే వస్తే గండికోటలో రాత్రి బస ఎట్లా?

జమ్మలమడుగు: పదిమంది కలిసి జీపులో వచ్చేవారికి గండికోట యాత్ర సులువే. బాడుగ పంచుకుంటారు, గది పంచుకుంటారు, చూడాల్సింది చూసి ఎప్పుడంటే అప్పుడు తిరిగిపోతారు. చిక్కంతా భుజాన సంచి వేసుకుని ఒంటరిగా బస్సు దిగే మనిషికే.

ఒక్కరోజులో బెలుం గుహలు, గండికోట రెండూ చూడాలనుకునే వారు పొద్దున్నే కొలిమిగుండ్ల వైపు బయలుదేరడం మేలు. పాత కర్నూలు జిల్లాలోని ఈ గుహలు 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే దొర వీటి సంగతి రాశారు. వంద ఏళ్ల తర్వాత 1982, 83లలో జర్మనీ వారు వచ్చి లోపల కొలతలు తీశారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. దీపాలు, మెట్లు ఉన్నాయి గానీ లోపల ఉక్క ఎక్కువ, చొక్కా తడిసిపోతుంది. బయటికి వచ్చాక నన్నారి సర్బత్తో, గోలీ సోడానో గొంతులో పడితే తప్ప ప్రాణం కుదుటపడదు.

మధ్యాహ్నానికి జమ్మలమడుగు చేరితే అక్కడి నుంచి గండికోట 15 కిలోమీటర్లు. బస్సు తప్పితే ఆటోనే గతి. అందులో ఒకరెక్కినా నలుగురెక్కినా బాడుగ ఒకటే.

కోటలోపల ఇప్పటికీ ఊరుంది. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం నడిచి చూడవచ్చు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లో, చేతివేళ్ల సందుల్లో కాగితాలు పెట్టుకుని కచేరీ నడపడం చూసి ఆయన రాసుకున్నాడు. మన తాలూకా కచేరీ గుమాస్తాలకు కూడా ఆ విద్య రాదు.

అసలు చూడాల్సింది మసీదు దాటాక వస్తుంది. ఎర్రమల కొండలను కోసుకుని పెన్న పారే లోయ అది. మిట్టమధ్యాహ్నం రాళ్లు కాలుతుంటాయి, కళ్లు చెదురుతాయి. పొద్దుగూకే వేళ బండలు ఎర్రబారినప్పుడు చూడాలి, మళ్లీ తెల్లవారుజామున చూడాలి. అంటే రాత్రి అక్కడే ఉండాలి.

పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది. గుడారాలు వేసి అద్దెకిచ్చేవారూ ఉన్నారు. అయితే గది ఇద్దరికి లెక్క. ఒక్కరే పడుకున్నా ఇద్దరి డబ్బు కట్టాలి. జపాను దేశంలో ఒసాకా నగరంలో 1979లోనే ఒక్క మనిషి పడుకునేంత పెట్టెలాంటి అరలు కట్టి, చవకగా అద్దెకివ్వడం మొదలుపెట్టారు. మనకు పెట్టెలు అక్కర్లేదు. కోటలోని ఇళ్లవారు ఒక నులక మంచం, రాత్రికి సంగటి, ఊరిబిండి, ఒక చెంబు మజ్జిగ ఇచ్చి ఇంత అని తీసుకుంటే వచ్చినవాడికి ఖర్చు తగ్గుతుంది, ఆ ఇంటికి నాలుగు డబ్బులు మిగులుతాయి. రోజంతా తిరిగి చీకటి పడకముందే వెళ్లిపోయేవాడి వల్ల ఊరికి దక్కేది టీ డబ్బులు, నీళ్ల సీసా డబ్బులే. పంచాయతీ వారు కూర్చుని ఇంటింటికీ ఒకే ధర పెడితే తగాదా కూడా రాదు.

ఒంటరిగా వచ్చేవారు బ్యాటరీ లైటు, తాగేందుకు నీళ్లు వెంట తెచ్చుకోవాలి. లోయ అంచున అన్నిచోట్లా కమ్మీలు లేవు. మందు సీసాతో అక్కడ కూర్చునేవారు కొందరుంటారు. కాలు జారితే చేయి పట్టుకునేందుకు పక్కన మనిషి ఉండడు. పగిలిన గాజుపెంకులు మరుసటిరోజు మేకలు తోలుకొచ్చే పిల్లల కాళ్లలో గుచ్చుకుంటున్నాయి.