నీళ్ళలో తడవని ముడి

పిల్లలూ! పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెల్లో బోరు బావి లేని ఊరు అరుదు. జానెడైనా వెడల్పు లేని ఆ రంధ్రం వందల అడుగుల లోతుకు పోతుంది. దాని లోపల ఏముందో చూడాలంటే మనిషి దిగలేడు. అందుకే తీగ కట్టిన కెమెరాను దింపుతారు.

ఎందుకు చూడాలి? కరీంనగరు నేలలో చాలా భాగం గ్రానైటు రాయి. ఆదిలాబాదుకు పడమటి వైపున, ఏనాడో పారిన లావా చల్లారి ఏర్పడిన నల్లరాయి ఉంది. ఇటువంటి గట్టి రాతిలో నీరు పగుళ్ళలోనే నిలుస్తుంది. బోరు పనిచేయకపోతే ఊట ఆగిందా, పైపు పగిలిందా, రాయి అడ్డుపడిందా అన్నది కెమెరా చూపిస్తుంది. అది తెలియక మరో బోరు వేయిస్తే రైతుకు అప్పే మిగలవచ్చు.

నీటిలో ఛాయాచిత్రాలు తీయడం కొత్త విద్య కాదు. 1893లోనే లూయీ బూటాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రంలో దిగి ఫొటోలు తీశాడు. నేటి బోరు కెమెరాకు పైనుంచి విద్యుత్తు పోవాలి, కిందనుంచి బొమ్మ రావాలి. రెండూ తీగలోనే నడుస్తాయి. ఆ తీగ కెమెరాతో కలిసే ముడి దగ్గరే అసలు చిక్కు!

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు, చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువంత ఒత్తిడి పెరుగుతుంది. బోరు ఎంత లోతన్నది కాదు, కెమెరా పైన ఎంత నీరు నిలిచిందన్నదే లెక్క. 60 మీటర్ల నీరు ఉంటే ఆరు కిలోలు! బోరు నీటిలో లవణాలు కరిగి ఉంటాయి గనుక అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. ఒక్క బొట్టు చొరబడినా బొమ్మ చెదిరిపోవచ్చు.

నీటిని ఆపేది చిన్న రబ్బరు ఉంగరం. అమెరికాలో స్థిరపడిన డెన్మార్కు దేశీయుడు నీల్స్ క్రిస్టెన్సెన్ ఇటువంటి ఉంగరానికి 1939లో పేటెంటు పొందాడు. గాడిలో నొక్కుకొని కూర్చున్న ఉంగరాన్ని నీటి ఒత్తిడి సందు వైపు తోస్తుంది. అప్పుడది ఇంకా బిగుసుకొని సందును మూస్తుంది. శత్రువు బలమే కోటకు బలమయినట్టు!

అయినా ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు, ఒక గీత ఆ కోటకు ద్వారం తెరుస్తాయి. బాగుచేసే పనివాడు మొదట విద్యుత్తు తీసివేస్తాడు. ముడిని విప్పకముందే మంచి నీటితో కడిగి, ఆరబెడతాడు. ఉంగరాన్ని సూదితో పొడవడు. మొండి పుల్లతో లేపుతాడు. వేళ్ళ మధ్య మెల్లగా వంచి పగుళ్ళు వెదుకుతాడు. పగిలితే అదే కొలత గల కొత్తది వేస్తాడు. గాడి తుడిచి, తగిన గ్రీజును పలుచగా రాస్తాడు. గ్రీజు నీటిని ఆపదు. ఉంగరం మెలిపడకుండా కూర్చోవడానికి తోడ్పడుతుంది, అంతే.

రాగి కొసలు పచ్చబడితే నీరు అప్పటికే చేరిందన్నమాట. అటువంటప్పుడు పైన టేపు చుట్టి లాభం లేదు. నీరు దీపపు వత్తిలో నూనెలాగా తీగపోగుల మధ్య పాకుతుంది. అందుచేత చెడిన మేర కోసివేసి, పోగులను వేర్వేరు చోట్ల అతికి, పైన జిగురు పోసి గట్టిపడనిస్తారు. తరువాత కెమెరాను విడదీసి, తీగలోంచి విద్యుత్తు కారుతున్నదేమో మెగ్గరుతో కొలిచిగాని బోరులో దింపరు.

మీరూ ఒక పరీక్ష చేయండి. రబ్బరు ఉంగరమున్న టిఫిను డబ్బాలో పొడి కాగితం, బరువుకు ఒక రాయి పెట్టి, మూత బిగించి నీళ్ళ బకెట్టులో ముంచండి. కొంతసేపటికి తీసి చూడండి. మరోసారి ఉంగరం మీద అడ్డంగా ఒక దారపుపోగు ఉంచి మూసి ముంచండి. రెండు కాగితాలనూ పోల్చండి.

కాని బోరు దగ్గరకు, మోటారు తీగల దగ్గరకు మాత్రం పోకండి. మూత లేని బోరు కనబడితే వెంటనే పెద్దలకు చెప్పండి. నీటిని ఆపడానికి ఉంగరం ఎంత అవసరమో, ప్రాణాలను కాపాడడానికి ఆ మూత అంత అవసరం.