ల్యాప్‌టాప్‌కి మొబైల్ డేటా: ప్లాన్ కంటే ముందు సిగ్నల్ చూడండి

ఫైబర్ లైన్ రాని ఊళ్ళో ఇల్లు, చేతిలో ఆఫీస్ ల్యాప్‌టాప్. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరకడం ఒక ఎత్తు, మీటింగ్ మధ్యలో నెట్ కట్ కాకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలోనో, ప్రొడక్షన్ ఇష్యూ కాల్‌లోనో "హలో, వినిపిస్తోందా?" అని నాలుగుసార్లు అడగాల్సి వస్తే నష్టం మనకే.

చాలామంది మొదట రీచార్జ్ ప్లాన్లు పోల్చి చూస్తారు. నిజానికి అది చివరి పని. ముందు సిగ్నల్, తర్వాత మీ వాడకం, ఆ తర్వాత డివైస్, ఆఖర్న ప్లాన్. ఈ ఆర్డర్‌లోనే చూద్దాం.

1. మీరు కూర్చునే చోట సిగ్నల్ ఎంత?

"మా ఊళ్ళో ఆ నెట్‌వర్క్ సూపర్" అన్న మాట బస్టాండ్ దగ్గర నిజమే అయినా మీ గదిలో నిజం కాకపోవచ్చు. మన దగ్గర 5జీకి బాగా వాడే 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలు దాటి లోపలికి రావడంలో వీక్. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు దూరం వెళ్తాయి, గోడల్ని కూడా బాగానే దాటుతాయి. అందుకే డాబా మీద 5జీ ఎగిరి దూకుతుంది, కింద గదిలోకి రాగానే 4జీకి పడిపోతుంది.

సిగ్నల్ గీతల్ని నమ్మకండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎంలో కనిపిస్తుంది. ఫోన్ కంపెనీని బట్టి మెనూ పేర్లు కాస్త మారతాయి. 4జీలో మైనస్ 90 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. మైనస్ 110 దాటితే కష్టమే. మైనస్ కాబట్టి అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది.

తర్వాత స్పీడ్ టెస్ట్. పొద్దున 10 గంటలకు ఒకసారి, రాత్రి 8 నుంచి 10 మధ్య ఒకసారి, కరెంట్ పోయినప్పుడు ఒకసారి చేయండి. రాత్రిపూట ఊరంతా వీడియోలు చూస్తుంటే టవర్ మీద లోడ్ పెరుగుతుంది. కరెంట్ పోతే, బ్యాకప్ సరిగా లేని టవర్ దానితోపాటే పోతుంది. డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోకండి. వీడియో కాల్‌కి అప్‌లోడ్ కూడా అంతే ముఖ్యం. ల్యాప్‌టాప్‌లో పింగ్ కమాండ్‌ని పది నిమిషాలు వదిలేసి చూస్తే నెట్ మధ్యమధ్యలో తెగుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇంకో మాట. ఉన్న నంబర్‌ని తొందరపడి పోర్ట్ చేయొద్దు. పోర్ట్ అయ్యాక మళ్ళీ మారాలంటే 90 రోజులు ఆగాలి. వేరే నెట్‌వర్క్‌ది ఒక ప్రీపెయిడ్ సిమ్ తీసుకుని, చిన్న రీచార్జ్‌తో వారం రోజులు వాడి చూడండి.

2. రోజుకు మీకు ఎంత డేటా కావాలి?

లెక్క సింపుల్. 1 ఎంబీపీఎస్ వేగంతో గంటసేపు డేటా నడిస్తే 450 ఎంబీ అవుతుంది. వీడియో కాల్‌లో రావడం 1 ఎంబీపీఎస్, పోవడం 1 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకు 900 ఎంబీ. రోజుకు మూడు గంటల మీటింగ్స్ ఉంటే 2.7 జీబీ. అంటే "రోజుకు 2 జీబీ" ప్లాన్ మధ్యాహ్నానికే ఖాళీ. కెమెరా ఆపి మాట మాత్రమే ఉంచితే ఇది బాగా తగ్గిపోతుంది.

లిమిట్ అయిపోయాక నెట్ ఆగదు కానీ, సాధారణంగా 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంలో 1 ఎంబీ ఫైల్ దిగడానికే రెండు నిమిషాలు పడుతుంది. ఇక మీటింగ్ సంగతి చెప్పక్కర్లేదు.

మీకు తెలియకుండా డేటా తినేది అప్‌డేట్స్. విండోస్‌లో ఆ కనెక్షన్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. మ్యాక్‌లో అయితే లో డేటా మోడ్ ఉంది. క్లౌడ్ బ్యాకప్‌ని కూడా కాసేపు పాజ్‌లో పెట్టండి.

3. ఏ డివైస్?

ఫోన్ హాట్‌స్పాట్: అప్పుడప్పుడు వాడేవాళ్ళకి ఇదే చాలు, కొత్త ఖర్చు లేదు. రోజంతా అయితే ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. వైఫై బదులు యూఎస్‌బీ టెథరింగ్ వాడండి. కనెక్షన్ నిలకడగా ఉంటుంది, ఫోన్ ఛార్జ్ కూడా అవుతుంది. డ్యూయల్ సిమ్ ఫోన్ అయితే ఒక చిక్కుంది. డేటా ఒక సిమ్‌లో నడుస్తుండగా రెండో సిమ్‌కి వచ్చిన కాల్ ఎత్తితే చాలా ఫోన్లలో డేటా ఆగిపోతుంది. కాల్ సమయంలో డేటా సిమ్ మారే సెట్టింగ్ ఉందేమో చూసుకోండి.

డాంగిల్ లేదా పాకెట్ రౌటర్: రోజూ పనిచేసేవాళ్ళకి ఇది బెటర్. సిగ్నల్ బాగున్న కిటికీ దగ్గర పెట్టేసి మీరు లోపల కూర్చోవచ్చు. అమెరికా నుంచి అన్నయ్యో, అక్కో తెస్తామంటే రెండు విషయాలు అడగండి: అది అక్కడి కంపెనీకి లాక్ అయి ఉందా? మన బ్యాండ్లు ఉన్నాయా? జియో 4జీకి 3, 5, 40 బ్యాండ్లు ఉండాలి. జియో 5జీ కావాలంటే స్టాండ్అలోన్ మోడ్ సపోర్ట్ కూడా తప్పనిసరి.

సిమ్ స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్: ఎక్కువగా తిరిగేవాళ్ళకి హాయి. కానీ రేటు ఎక్కువ, మోడల్స్ తక్కువ.

ఎయిర్‌ఫైబర్: ఒకే ఇంట్లో కూర్చుని పనిచేస్తే, మీ అడ్రస్‌కి ఇస్తున్నారంటే ముందు దీన్నే అడగండి. యాంటెన్నా ఇంటి బయట ఉంటుంది కాబట్టి గోడల గొడవ తగ్గుతుంది.

4. ఇప్పుడు ప్లాన్

"అన్‌లిమిటెడ్ 5జీ" అన్న మాట దగ్గర ఆగండి. అది 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపే. మీ గదిలో 4జీ మాత్రమే వస్తుంటే, లేదా సిమ్‌ని 4జీ డాంగిల్‌లో వేస్తే, మీకు మిగిలేది ఆ రోజువారీ 2 జీబీయే. కాబట్టి మొదటి స్టెప్‌లో గదిలో 5జీ నిలకడగా వచ్చినవాళ్ళకే ఆ ప్లాన్ లాభం. 4జీ మీద ఉన్నవాళ్ళు రోజువారీ లిమిట్ లేని బల్క్ డేటా ప్యాక్‌లు చూడండి. మీటింగ్స్ ఎక్కువున్న రోజు ఎక్కువ, ఆదివారం తక్కువ వాడుకోవచ్చు. హాట్‌స్పాట్‌కి, ఫెయిర్ యూసేజ్‌కి షరతులేమైనా ఉన్నాయేమో కూడా చదవండి.

ఫైనల్‌గా, నెట్ మీదే ఉద్యోగం ఆధారపడి ఉంటే రెండు సిమ్‌లు వేర్వేరు కంపెనీలవి పెట్టుకోండి. రెండో సిమ్‌కి చిన్న డేటా ప్యాక్ చాలు. మొదటి టవర్ డౌన్ అయిన రోజు ఆ చిన్న రీచార్జే మీ మీటింగ్‌ని కాపాడుతుంది.