కాలేయమున క్రొవ్వు – కండరమున నీరసము

"కాలేయమునకు క్రొవ్వు పట్టినది" అని వైద్యులు చెప్పగనే మన గృహిణులు నేతిగిన్నెను దూరముగా నెట్టి, రాత్రి భోజనము మానుదురు. కొన్ని వారములలో తూకము తగ్గును, అందఱును సంతసింతురు. మెట్లెక్కునపుడు కాళ్లు వణకుట మాత్రము ఎవ్వరును గమనింపరు. ఈ వ్యాధి కాలేయముతోనే ముగియదనియు, కండరములకును సంబంధించినదనియు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

కాలేయమున నూటికి 5 వంతులకు మించి క్రొవ్వు చేరినచో దానిని వ్యాధిగా నెంచుదురు. ఇది మద్యపాన మెఱుగని వారికిని వచ్చును. మన దేశమున సన్నగా నున్నవారిని సైతము విడువదు. దేహమంతటి జీవక్రియలోని లోపమే దీనికి మూలమని తెలియునట్లు 2023లో వైద్యులు ఈ వ్యాధికి క్రొత్త పేరు పెట్టిరి.

మనము తినిన అన్నము చక్కెరయై రక్తమున చేరినపుడు, ఇన్సులిన్ ఆజ్ఞచే దానిలో పెద్దపాలు గైకొనునవి కండరములే. కండరపు పోగుల నడుమను లోపలను క్రొవ్వు పేరుకొన్నచో అవి యా యాజ్ఞను సరిగా పాటింపవు. గాదె పట్టనపుడు ధాన్యమును వసారాలో పోసినట్లు, మిగిలిన చక్కెరలో కొంత కాలేయమున చేరి క్రొవ్వుగా మారును. కాలేయము ఆ క్రొవ్వును మఱల రక్తములోనికి పంపును. ఇట్లు రెండును ఒకదాని నొకటి చెఱచుకొనుచుండును. ఇట్టి కండరము చూపునకు పుష్టిగానే యుండవచ్చును. బలము మాత్రము తగ్గును. ఈ సంగతి తూనిక చెప్పజాలదు.

స్థూలకాయులు క్రమముగా నూటికి 7 మొదలు 10 వంతుల బరువు తగ్గినచో కాలేయమునకు మేలగును. కాని వట్టి పస్తులవలన క్రొవ్వుతోపాటు కండరమును కరగును. వారమునకు కనీసము 150 నిమిషములు వడిగా నడచుటయు, రెండు దినములు కండరబలమునకై వ్యాయామము చేయుటయు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దలకు చెప్పు నియమము. ఇంటిపని చాలదా యని యడుగుదురేమో! ఇంటిపని మేలే, కాని నిత్యము అదే బరువు నెత్తు కండరమునకు క్రొత్తబలము రాదు. చేతు లానింపక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట, గోడకు అరచేతు లానించి త్రోయుట, నీళ్లు నింపిన సీసాల నెత్తుట – వీనిని మెల్లమెల్లగా పెంచవలయును. వ్యాధి ముదిరినవారు వైద్యుని యడిగియే మొదలిడవలెను.

అందఱును భుజించిన పిమ్మట మిగిలిన యన్నమును ఊరగాయతో ముగించుట మన యిండ్లలో పెక్కుమంది స్త్రీల యలవాటు. ఆ కంచములో పప్పుండదు, పెరుగు చాలదు. కండరమును నిలుపు మాంసకృత్తులు అందుండియే రావలెను గదా! ఇంటివారికి వడ్డించునపుడే తన పాలు పప్పును, పెరుగును తీసి యుంచుకొనుట స్వార్థము కాదు. అదియు చికిత్సలో నొక భాగమే.