తెగిన లంకె ఎక్కడ? – ఆన్‌లైన్ ఆటలలో అంతరాయాలు, వాటి పరిశీలన

2020 ఆగస్టు 30వ తేదీన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నిర్వహించిన తొలి ఆన్‌లైన్ ఒలింపియాడ్ తుది పోరు భారత, రష్యా జట్ల మధ్య జరిగింది. భారత జట్టులో మన తెలుగు క్రీడాకారులు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ వున్నారు. మొదటి విడతలో ఆరు ఆటలూ సమానంగా ముగిశాయి. రెండవ విడత సాగుతుండగా నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌లకు ఆట నడిపే సర్వరుతో సంబంధం తెగిపోయింది. ఎత్తు వేయడానికి వీలు లేకపోయింది. సర్వరులోని గడియారం మాత్రం ఆగలేదు. కాలం మించిపోయి ఇద్దరూ ఓడినట్లు నమోదైంది. రష్యా గెలిచినట్లు మొదట ప్రకటించారు. భారత జట్టు అప్పీలు చేసుకొన్నది. ఆట వేదిక అయిన చెస్.కామ్ ఇచ్చిన ఆధారాలనూ, ఇతర చోట్ల నుండి సేకరించిన సమాచారాన్నీ అప్పీళ్ళ సంఘం పరిశీలించింది. ఏకాభిప్రాయం కుదరకపోగా, సమాఖ్య అధ్యక్షుడు అర్కాడీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణపతకాలు ఇవ్వాలని నిర్ణయించాడు.

ఆనాటి లోపం క్రీడాకారుల ఇండ్లలో లేదు. సెంచురీలింక్ అనే అమెరికా సంస్థ తన జాలంలో ప్రవేశపెట్టిన ఒక తప్పు నియమం వలన మార్గం చూపే యంత్రాలు దారి తప్పాయి. దానితో క్లౌడ్‌ఫ్లేర్ సేవలపై ఆధారపడిన అనేక స్థానాలకు కొన్ని గంటలపాటు అంతరాయం కలిగింది. లోపం ఎక్కడిదో చూపే ఆధారాలు లేకుంటే ఆ పతకం మన జట్టుకు దక్కేదా అని ఆలోచించదగియున్నది.

సదుం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల విద్యార్థులకూ ఆటల పోటీలలో ఇట్టి అనుభవం అరుదు కాదు. ఆట మధ్యలో బొమ్మ నిలిచిపోతుంది, జట్టు ఓడిపోతుంది. వెంటనే కొందరు సర్వరును నిందిస్తారు, కొందరు ఎదుటివాడు మోసం చేశాడంటారు, మరికొందరు తండ్రిని ఒప్పించి ఎక్కువ వేగం గల కొత్త కనెక్షను తెప్పిస్తారు. లోపం ఏ చోటున వున్నదో తెలియక చేసే ఈ ఖర్చూ, ఈ నిందా రెండూ వ్యర్థమే. కావున లోపాన్ని క్రమంగా వెదికే పద్ధతిని ఈ వ్యాసంలో వివరించదలచాము.

గొలుసు స్వరూపం

ఉర్దూలో ‘సిల్సిలా’ అనే మాటకు గొలుసు అనీ, వరుసక్రమమనీ రెండర్థాలు వున్నాయి. ఆటకూ సర్వరుకూ మధ్యనున్న సంబంధాన్ని చెప్పడానికి ఇంతకన్న తగిన మాట దొరకదు. మన చేతిలోని ఫోను లేదా కంప్యూటరు మొదటి కడియం. ఇంటిలోని వైఫై రౌటరు రెండవది. వీధి స్తంభాలపై సాగే తీగ, లేదా సెల్ టవరు, దాని వెనుకనున్న కంపెనీ జాలం మూడవది. రాష్ట్రాలనూ సముద్రాలనూ దాటే దూరపు మార్గం నాల్గవది. సర్వరు అయిదవది. వీటిలో ఏ ఒక్కటి సడలినా తెరపై కనిపించే లక్షణం ఇంచుమించు ఒక్కటే. అందువల్లనే లక్షణాన్ని చూసి లోపాన్ని ఊహించరాదు. ఒక్కొక్క కడియాన్నే పట్టి చూడాలి.

మూడు విధాల లోపాలు

మన ఆటలోని ప్రతి కదలికా చిన్న చిన్న పాకెట్లుగా సర్వరుకు పోయి, జవాబు తిరిగి వస్తుంది. దీనిని మదనపల్లె మార్కెట్టు నుండి చెన్నైకి పోయే టమాటా లారీతో పోల్చి చూడవచ్చు. లారీ ఎంత పెద్దదైతే అన్ని పెట్టెలు పడతాయి; కాని పెద్ద లారీ అయినంత మాత్రాన చెన్నై దగ్గర కాదు. కంపెనీలు ప్రకటించే ‘వంద ఎంబీపీఎస్’ వేగం లారీ పరిమాణం వంటిది. ఆటకు కావలసినది ప్రయాణ కాలం. ఆట పాకెట్లు చిన్నవి గనుక చిన్న బండి చాలు. అది సకాలంలో చేరాలి.

పాకెట్టు పోయి జవాబు వచ్చే కాలం ఎక్కువైతే అది ‘ఆలస్యం’. ఈ కాలాన్నే ఆటగాళ్ళు పింగ్ అంటారు. సెకనులో వెయ్యవ వంతును ప్రమాణంగా దీనిని కొలుస్తారు. ఒక పాకెట్టు 40 ప్రమాణాలలోను, మరొకటి 200లోను వస్తూ నిలకడ లేకుంటే అది ‘ఒడుదుడుకు’. కొన్ని పాకెట్లు అసలే చేరకుంటే అది ‘నష్టం’. చదరంగం వంటి ఆటలో ఆలస్యం కొంత వున్నా సాగిపోతుంది. వాలరెంట్ వంటి కాల్పుల ఆటలో సర్వరు సెకనుకు 128 సార్లు లెక్క చూస్తుంది. అంటే ఒక్కొక్క లెక్కకు ఎనిమిది ప్రమాణాలకన్న తక్కువ వ్యవధి. అట్టి ఆటలలో స్థిరమైన 80 కన్న, 30కీ 150కీ మధ్య ఊగిసలాడే పింగే ఎక్కువ చెరుపు చేస్తుంది.

దూరానికి ప్రకృతి విధించిన హద్దు ఒకటి గలదు. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుండి సింగపూరుకు సరళమార్గంలో సుమారు 2900 కిలోమీటర్లు. పోయి రావడానికే 29 ప్రమాణాలు తప్పవు. ఏ యంత్రమూ, ఏ రుసుమూ దీనిని తగ్గించలేవు. కావున ఆట అమరికలో సర్వరు ప్రాంతాన్ని ఎన్నుకొనే వీలుంటే ముంబయి వంటి దగ్గరి ప్రాంతాన్ని ఎన్నుకోవడం మొదటి వివేకం.

పరిశీలనా క్రమం

మొదట అడుగవలసిన ప్రశ్న: ఈ ఇబ్బంది మనకేనా, అందరికీనా? వేరే వూరిలో, వేరే కంపెనీ కనెక్షను గల మిత్రునికి ఫోను చేసి అడగాలి. ఆట సంస్థ ప్రకటించే సర్వరు స్థితిని చూడాలి. అందరికీ ఆగియుంటే మన రౌటరును తిప్పి పెట్టడం వలన ప్రయోజనం లేదు, ఓపికయే మందు. తరువాత ఆట తాజా రూపానికి మార్చబడినదా, ఫోనులోని తేదీ, సమయం సరిగా వున్నవా అని చూడాలి. గడియారం తప్పితే ప్రవేశమే నిరాకరింపబడవచ్చును.

రెండవది ఇంటిలోని కడియం. కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరచి ‘పింగ్’ అనే ఆజ్ఞతో రౌటరు చిరునామాను పరీక్షించాలి. ఆ చిరునామా చాలా ఇండ్లలో 192.168.1.1 గా వుంటుంది. కాకుంటే రౌటరు అడుగున ముద్రించి వుంటుంది. మైక్ మ్యూస్ అనే అమెరికన్ 1983లో ఈ పరికరాన్ని రచించాడు. జలాంతర్గాములు శబ్దాన్ని పంపి ప్రతిధ్వనిని వినే పద్ధతిని చూసి ఆ పేరు పెట్టాడు. విండోస్‌లో ఇది నాలుగు పాకెట్లనే పంపుతుంది. నాలుగింటితో తీర్పు చెప్పరాదు. ఆజ్ఞ చివర ఒక ఖాళీ విడిచి, అడ్డగీత, దాని ప్రక్కనే ‘టీ’ అనే చిన్న ఆంగ్లాక్షరం చేర్చితే మనం ఆపేవరకు పంపుతూనే వుంటుంది. కనీసం అయిదు నిమిషాలు చూడాలి.

రౌటరు నుండి జవాబు సాధారణంగా ఒకటి నుండి అయిదు ప్రమాణాలలో రావాలి. అక్కడే యాభై, వంద కనిపించినా, పాకెట్లు పోయినా లోపం మన ఇంటిలోనే వున్నది. రౌటరుకు తీగ కలిపి మరల పరీక్షించాలి. తీగతో బాగుండి వైఫైతో చెడితే దోషం గాలిలోని సంకేతానిదే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటి దూరం పోతాయి గాని, వాటిలో ఒకదానిపై ఒకటి పడని మార్గాలు మూడే గనుక ఇరుగుపొరుగు రౌటర్లతో రద్దీ ఏర్పడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, పోయే దూరమూ తక్కువే. రౌటరు వున్న గదిలోనే ఆడేవారు రెండవదానిని ఎన్నుకోవడం మేలు.

మూడవది కంపెనీ కడియం. రౌటరు వరకు అంతా బాగుంటే 8.8.8.8 లేదా 1.1.1.1 వంటి బహిరంగ చిరునామాను పింగ్ చేయాలి. ఇంటిలో ఇతరులు సినిమా చూసేటప్పుడు ఒకసారి, ఎవరూ వాడనప్పుడు మరొకసారి చూడాలి. మొదటిదానిలోనే పింగ్ పెరిగితే మన బండిలో సరకు మితిమీరినదని అర్థం. రెండు వేళలా చెడితే బయటి తీగను అనుమానించాలి. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ తంతువు విద్యుత్ స్తంభాల మీదుగానే సాగింది. గాజు తంతువును గట్టిగా వంచినా, మడిచినా కాంతి కారిపోతుంది. ఇంటిలోని ఫైబరు పెట్టెపై ‘ఎల్‌ఓఎస్’ అనే ఎర్రదీపం వెలిగితే కాంతి రావడం లేదని అర్థం. అప్పుడు ఆట అమరికలు ఎన్ని మార్చినా ఫలితం వుండదు, లైన్‌మన్‌కు చెప్పవలసిందే. సెల్ డేటాతో ఆడేవారు కొండలు, గుట్టలు నిండిన మన ప్రాంతంలో ఇంటి ఒక మూలకూ మరొక మూలకూ సంకేతం మారుతుందని గుర్తించాలి.

నాల్గవది దూరపు మార్గం. ‘ట్రేసర్ట్’ అనే ఆజ్ఞ సర్వరు వరకు గల మజిలీలను వరుసగా చూపుతుంది. మధ్యలో ఒక మజిలీ జవాబియ్యకపోతే భయపడనవసరం లేదు. కొన్ని యంత్రాలు ఇట్టి ప్రశ్నలకు బదులియ్యవు. ఒక మజిలీ నుండి చివరి వరకు ఆలస్యం హెచ్చుగానే కొనసాగితే లోపం అక్కడ మొదలైనదని భావించవచ్చు.

ఇంకొక చిక్కు గలదు. మిత్రులు కొందరు మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటకు తమ ఇంటి కంప్యూటరునే సర్వరుగా నిలుపుతారు. తాము ఆడగలరు, బయటివారు చేరలేరు. ఇంటర్నెట్ పాత చిరునామా పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లే గనుక అనేక కంపెనీలు ఒకే చిరునామాను పలువురికి పంచుతాయి. బయటినుండి వచ్చిన పిలుపు ఎవరి ఇంటిదో అక్కడ తేలదు. ఇది మన యంత్రదోషం కాదు. విడి చిరునామా ఇమ్మని కంపెనీని కోరాలి.

చేయకూడని పనులు

అన్ని మార్పులనూ ఒకేసారి చేయరాదు; ఒక మార్పు, ఒక పరీక్ష అనే నియమం పాటించాలి. లేనిచో బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో తెలియదు. పింగ్ తగ్గిస్తామనే తెలియని సాధనాలను నమ్మి ఖాతా రహస్యపదం ఇవ్వరాదు.

కొన్ని తెగిన లంకెలు లోపాలు కావు, శాసనాలు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 సాధనాలలో పబ్జీ మొబైల్ ఒకటి. ఆ అక్టోబరు 30న దాని సర్వర్లు మన దేశానికి సేవ నిలిపాయి. 2021 జూలైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే పేరుతో భారతదేశానికి వేరు ఆట వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇట్టి ఆట తెరుచుకోకపోతే దొడ్డిదారి వెదకడం మరమ్మతు అనిపించుకోదు.

ఫిర్యాదు వ్రాసే తీరు

‘నెట్టు బాగాలేదు’ అనే మాటతో ఏ కార్యాలయమూ పని చేయలేదు. ఏ తేదీన, ఏ గంటకు, తీగతోనా వైఫైతోనా, రౌటరు వరకు ఎంత, బయటికి ఎంత, నూరింట ఎన్ని పాకెట్లు పోయాయి అనే వివరాలు మూడు దినాలు వ్రాసి చూపితే కంపెనీవారు త్రోసిపుచ్చలేరు. పోటీ నిర్వాహకులైనా ఆధారాన్నే వింటారు గాని ఆవేదనను వినరు.

ఈ అభ్యాసం ఆటతో ముగిసేది కాదు. ప్రవేశాల కౌన్సెలింగులో కళాశాలలను ఎన్నుకొనే చివరి గంటలోను, ఉపకారవేతన దరఖాస్తు సమర్పించే చివరి దినాన కూడా ఇదే గొలుసు మన చేతికీ, దూరాన వున్న సర్వరుకూ మధ్య నిలిచి వుంటుంది. అక్కడ తెగితే పోయేది ఒక ఆట కాదు, ఒక సంవత్సరం. ఆటలో తీరికగా నేర్చిన పరిశీలన ఆ గంటలో అక్కరకు వస్తుంది. కావున విద్యార్థినీ విద్యార్థులు ఈసారి ఆట నిలిచినప్పుడు ఎవరినైనా నిందించడానికి ముందు రౌటరు చిరునామాను అయిదు నిమిషాలు పరీక్షించి, వచ్చిన అంకెలను కాగితంపై వ్రాసి పెట్టుకోవాలని కోరుతున్నాము.